సముద్రంలో కాలుపెట్టిన గ్లేసియర్‌ను బోటులో వెళ్లి చూడాలంటే

ప్రతి ఏప్రిల్‌లోనూ ఇదే తంతు. కడప ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పొద్దుటి నడకకు వెళ్తే, పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే నన్ను పట్టుకుంటారు. "అన్నా, మావాడు అలాస్కా తీసుకువెళ్తానంటున్నాడు. మంచుగోడ విరిగి సముద్రంలో పడేది ఎక్కడ? ఏ బోటు ఎక్కాలి? మా వయసుకు తట్టుకోగలమా?" కర్నూలు నుంచి మా వియ్యంకుడు, అనంతపురం నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోనులో అడిగేదీ ఇదే. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పలేక అంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి గ్లేసియర్ చూడకుండానే తిరిగి వచ్చాను. బోటు బాగుంది, భోజనం బాగుంది, తిమింగలం కూడా కనిపించింది. మంచుగోడ మాత్రం లేదు. తప్పు సముద్రంలో జరగలేదు, ఇంట్లో కూర్చుని టికెట్టు కొన్నప్పుడే జరిగింది. అందుకే కింద బోటు కంటే టికెట్టు గురించే ఎక్కువ చెప్తాను.

పాఠం మాత్రం నాలుగు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. కొండల మీద ఏళ్ల తరబడి పడిన మంచు తన బరువుకే గట్టిపడి, నదిలా మెల్లగా కిందికి కదులుతుంది. పాఠ్యపుస్తకాల్లో హిమానీనదం అన్నది దీన్నే. కొన్ని లోయలో నేల మీదే ఆగిపోతాయి. కొన్ని మంచినీటి సరస్సులో ఆగుతాయి. కొన్ని నేరుగా ఉప్పునీటిలోకి దిగుతాయి. సముద్రపు నీరు అడుగున కరిగిస్తుంటే పైభాగం ఆధారం తప్పి విరిగి పడేది ఈ మూడో రకంలో. మీరు చూడాలనుకుంటున్నది దాన్నే. మిగతా రెండు రకాలకూ బోర్డుల మీద 'గ్లేసియర్' అనే ఉంటుంది, చిక్కంతా అక్కడే.

కావలసినవి

పాస్‌పోర్టు, అమెరికాలో మీ ప్రవేశం నమోదైన ఐ-94 నకలు. సందర్శకులకు ఇచ్చే వైద్య బీమా. నీళ్లు పట్టనివ్వని జాకెట్టు, దాని లోపలికి ఉన్నిది లేదా ఫ్లీసుది ఒకటి, చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ, జారని బూట్లు. వాంతులు ఆపే మాత్ర. చలువకళ్లద్దాలు. ఒక బైనాక్యులర్, ఏడు లేదా ఎనిమిది రెట్లది చాలు. పదికి మించితే ఊగే బోటులో చేతి వణుకే పెద్దదిగా కనిపిస్తుంది. అలాస్కాలో అతి పెద్ద ఊరైన యాంకరేజ్ దగ్గర కనీసం మూడు పూర్తి రోజులు. టికెట్టు ఒక్కొక్కరికి సుమారు 200 డాలర్లు, బోటును బట్టి అటూ ఇటూ.

1. ముందుగా రేవు తేల్చుకోండి

సియాటెల్ నుంచి యాంకరేజ్‌కు విమానంలో మూడున్నర గంటలు. అక్కడి నుంచి రెండు దారులు.

ఒకటి సీవార్డ్. రాతలో అలా ఉన్నా అక్కడివాళ్లు 'సూవర్డ్' అంటారు, రైలు ప్రకటన వినేటప్పుడు పనికొస్తుంది. యాంకరేజ్‌కు దక్షిణంగా 200 కిలోమీటర్లు, కారులో రెండున్నర గంటలు. ఇక్కడి బోట్లు 1980లో ఏర్పడిన కెనాయ్ ఫ్యోర్డ్స్ జాతీయ ఉద్యానంలోకి వెళ్తాయి. హార్డింగ్ మంచుమైదానం నుంచి దాదాపు 40 గ్లేసియర్లు నాలుగు దిక్కులకూ జారుతుంటే, వాటిలో హోల్గేట్, ఐయాలిక్ లాంటివి సముద్రంలోకి దిగుతాయి. తిమింగలాలు, సీ లయన్లు, పఫిన్ పక్షులు దారి పొడుగునా కనిపించే అవకాశం ఎక్కువ. కాకపోతే మధ్యలో కొంత దూరం అలాస్కా సింధుశాఖ, అడ్డేమీ లేని సముద్రం, అక్కడ బోటు బాగా ఊగుతుంది.

రెండోది విట్టియర్. యాంకరేజ్ నుంచి 100 కిలోమీటర్ల లోపే. బోట్లు ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయ లోపలే తిరుగుతాయి. చుట్టూ కొండలు, దీవులు అడ్డం కాబట్టి నీళ్లు చాలావరకు చెరువులా ఉంటాయి. బ్లాక్‌స్టోన్, బెలోయిట్, సర్‌ప్రైజ్ అనే గ్లేసియర్లు ఇటువైపువే.

నా సలహా: అరవై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, కడుపు నిలవనివాళ్లు విట్టియర్ ఎంచుకోండి. జంతువుల మీద మోజు ఉండి, ఊపు తట్టుకోగలిగితే సీవార్డ్. మీరు ఏ జట్టో తెలియకపోతే ఒక పరీక్ష ఉంది. కడప నుంచి రాయచోటికి బస్సులో వెళ్తూ గువ్వలచెరువు ఘాటు దాటాక మీకు పాలకోవా తినాలనిపిస్తే సీవార్డ్ వెళ్లవచ్చు. దాన్ని చూస్తేనే కడుపులో తిప్పితే విట్టియర్.

ఆగ్నేయ అలాస్కాలోని గ్లేసియర్ బే మూడో దారి. అక్కడ బార్ట్‌లెట్ కోవ్ నుంచి బయలుదేరే పగటి బోటు మార్జరీ గ్లేసియర్ దాకా వెళ్లి రావడానికి ఎనిమిది గంటలు పడుతుంది. రోడ్డు మార్గం లేదు, చిన్న విమానమో ఓడో ఎక్కాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పను.

2. పేరు చూడకండి, పటం చూడండి

నేను మోసపోయింది ఇక్కడే. నిజానికి మోసం అనడానికీ లేదు, వాళ్లు రాసినదంతా నిజమే, నేనే చదవలేదు. సీవార్డ్‌లో నాలుగు గంటల బోటు చవకగా కనిపించింది. బొమ్మలో నీలి మంచు ఉంది. మా అబ్బాయి "నాయనా, ఆరు గంటలంటే మీరు అలసిపోతారు" అంటే సరే అన్నాను. ఆ బోటు రిజరెక్షన్ బే అనే అఖాతం దాటి బయటికే వెళ్లదు. దూరంగా ఒక కొండ సందులో తెల్లటి మరక చూపించి అదే గ్లేసియర్ అన్నారు. మా ఊరి నుంచి పాలకొండలు చూసినట్టు ఉంది.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఈ నాలుగు తేల్చుకోండి.

బోటు ఎక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరుగుతుందో పటంలో చూడండి. ఆ చివర ఒక గ్లేసియర్ పేరు ఉండాలి, ఉత్త అఖాతం పేరు ఉంటే వదిలేయండి.

ఎన్ని గంటలో చూడండి. సీవార్డ్ నుంచి హోల్గేట్ లేదా ఐయాలిక్‌కు ఆరు గంటలు కావాలి. నార్త్‌వెస్టర్న్ గ్లేసియర్ దాకా అయితే ఎనిమిదిన్నర, తొమ్మిది. విట్టియర్ నుంచి నాలుగు మొదలు ఆరు గంటల్లో అయిపోతుంది. అంటే నాలుగు గంటల బోటు విట్టియర్‌లో పనికొస్తుంది, సీవార్డ్‌లో పనికిరాదు.

"మంచుగోడ ముందు ఎన్ని నిమిషాలు ఆపుతారు?" అని రాసి అడగండి. సూటిగా జవాబు రాకపోతే వేరేది చూసుకోండి. ఫోను చేసేటట్టయితే, వేసవిలో అలాస్కా మన కంటే పదమూడున్నర గంటలు వెనక. కడపలో ఉదయం ఏడంటే అక్కడ నిన్నటి సాయంత్రం ఐదున్నర.

గాలి ఎక్కువై కెప్టెన్ మధ్యలోనే బోటు తిప్పేస్తే డబ్బు సంగతి ఏమిటో చదవండి. ఇది అరుదేమీ కాదు.

పేరు చూసి పొరబడే గ్లేసియర్లు మరికొన్ని ఉన్నాయి. యాంకరేజ్ దగ్గరి పోర్టేజ్‌కు గంట బోటు ఉంది, అది మంచినీటి సరస్సు. అలాస్కా రాజధాని జునోలో మెండెన్‌హాల్ కూడా సముద్రంలోది కాదు. సీవార్డ్ పక్కన ఎగ్జిట్ గ్లేసియర్‌కు నడిచి వెళ్తారు, అది నేల మీదే ఆగిపోతుంది. మూడూ చూడదగ్గవే. సముద్రం అసలే వద్దనుకునేవాళ్లకు పోర్టేజ్ మంచి ప్రత్యామ్నాయం కూడా. అయితే చూస్తున్నది ఏమిటో తెలిసి చూడండి.

3. ఓడ ఎక్కితే కెనడా మెలిక

చాలామంది పిల్లలు సియాటెల్ నుంచి వారం రోజుల పెద్ద ఓడ బుక్ చేస్తారు. 1886 నాటి ఒక అమెరికా చట్టం వల్ల ఆ విదేశీ ఓడలు మధ్యలో కెనడా రేవు ఒకటి తాకి తీరాలి. భారతీయ పాస్‌పోర్టుకు అక్కడ కెనడా వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉన్న కొడుక్కు అక్కరలేదు కాబట్టి ఆ సంగతి అతని బుర్రకు తట్టదు. మీ వీసా మీరే చూసుకోండి. విమానంలో యాంకరేజ్ వెళ్తే ఈ గొడవే లేదు, అమెరికా వీసా ఒక్కటే చాలు.

ఆ పెద్ద ఓడల్లోనూ మార్గం చూడండి. కొన్ని గ్లేసియర్ బేకో, 122 కిలోమీటర్ల పొడవున్న హబ్బర్డ్ గ్లేసియర్ దగ్గరికో వెళ్తాయి. కొన్ని ఊళ్లు మాత్రమే తిప్పుతాయి.

4. నెల, రోజు

బోట్లు మే మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా. జూన్ రెండో సగం, జూలై నా ఎంపిక. జూన్‌లో యాంకరేజ్‌లో పగలు పంతొమ్మిది గంటలు, రాత్రి పదింటికి కూడా వెలుతురే. పడుకోవడానికి కళ్లకు కట్టుకునే గుడ్డ తీసుకువెళ్లండి. ఆగస్టు చివరికి వాన పెరుగుతుంది.

వాన అంటే మన లెక్క వేరు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడితే సగటు. విట్టియర్‌లో దాదాపు 5,000. మన తొమ్మిదేళ్ల వాన అక్కడ ఒక్క ఏడాదిది. "ఆ రోజు ఎండ కాస్తుందా?" అని అడగకండి. తడవకుండా ఎలా ఉండాలో చూసుకోండి. మబ్బు పట్టిందని టికెట్టు రద్దు చేసుకోవడం ఇంకా పెద్ద తప్పు. గట్టిపడిన మంచు వెలుతురులోని ఎరుపును మింగి నీలాన్ని వదులుతుంది, ఆ నీలం మబ్బు రోజునే ముదురుగా కనిపిస్తుంది. ఎండలో అంతా తెల్లగా కళ్లు జిగేలుమంటాయి.

బోటును మీ ప్రయాణంలో మొదటి పూర్తి రోజున పెట్టుకోండి. అది రద్దయితే మర్నాడు వెళ్లవచ్చు. చివరి రోజు పెట్టుకుని గాలికి రద్దయితే విమానం ఎక్కి రావడమే.

5. బట్టలు: ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా

మే నెల కడపలో స్వెటర్ అడిగితే దుకాణంలో మనిషి మిమ్మల్ని ఆపాదమస్తకం చూస్తాడు. చలికాలంలోనే కొని పెట్టుకోండి, లేదా పిల్లల దగ్గర ఉన్నవి తీసుకోండి. ఒకే లావుపాటి కోటు కంటే మూడు పలుచటి పొరలు మేలు: ఒంటికి అంటుకునేది, దాని మీద ఉన్ని, పైన వాన ఆపేది. ఒంటి మీద నూలు వద్దు. తడిసిందంటే ఆరదు, చలి ఎముకల్లోకి దిగుతుంది.

రేవులో పదిహేను డిగ్రీలు ఉండి హాయిగా అనిపిస్తుంది. చూసి మోసపోకండి. గ్లేసియర్ దగ్గరికి వచ్చేసరికి మంచు మీదుగా దిగే గాలి ముఖాన కొడుతుంది. ఉదయం నవ్విన వాళ్లే మధ్యాహ్నం మా ఆవిడ మంకీ క్యాప్ వైపు ఆశగా చూశారు. డెక్ మీద గాలికి చీర నిలవదు, మెట్లలో కాలికి అడ్డం పడుతుంది. ఆ ఒక్కరోజు ప్యాంటో చుడీదారో వేసుకోమని ఇంట్లో ఆడవాళ్లకు ముందే చెప్పండి. మా ఇంట్లో ఆ చర్చ రెండు రోజులు నడిచింది.

6. కడుపు

మాత్ర బోటు ఎక్కాక కాదు, బయలుదేరడానికి గంట ముందు వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర చాలాసార్లు బయటికే వస్తుంది. అమెరికా మందుల దుకాణాల్లో మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్ చీటీ లేకుండానే దొరుకుతాయి, నిద్ర తెప్పిస్తాయి. గ్లాకోమా, ప్రొస్టేట్ వాపు ఉన్నవాళ్లు, రోజూ వేరే మందులు వాడేవాళ్లు మాత్రం ఊరు వదిలే ముందే మీ డాక్టరును అడగాలి.

ఆ పొద్దున ఉగ్గాణి, బజ్జీ వద్దు. ఖాళీ కడుపూ వద్దు. రెండు ఇడ్లీలంత తేలికైనది చాలు. బోటులో భోజనం ఇస్తే శాకాహారం కావాలని బుక్ చేసేటప్పుడే రాయాలి. అప్పటికప్పుడు అడిగితే ఆకులు, రొట్టెముక్క చేతిలో పెడతారు. మేము ఎండు జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి తీసుకువెళ్లాం. పక్క బల్ల మీది తెల్లవాళ్ల పిల్లాడు సగం తినేశాడు.

తిప్పుతున్నట్టు అనిపిస్తే: లోపల కూర్చుని ఫోను చూడకండి. బయటికి వచ్చి దూరంగా కదలని కొండ అంచును చూడండి. బోటు కింది అంతస్తులో మధ్య, వెనక భాగాల్లో ఊపు తక్కువ. ముక్కు దగ్గర, పై అంతస్తులో ఎక్కువ.

7. రేవుకు చేరడం

బయలుదేరే వేళకు గంట ముందు ఉండండి. బోటు మీ కోసం ఆగదు.

విట్టియర్ దారిలో నాలుగు కిలోమీటర్ల సొరంగం ఉంది. ఒకటే వరస, కార్లూ రైలూ అందులోనే. విట్టియర్ వైపు వెళ్లడానికి గంటకు ఒకసారి, అరగంట కొట్టినప్పుడు తెరుస్తారు. తిరుగు దారికి సరిగ్గా గంట కొట్టినప్పుడు. ఆ తెరుపు తప్పితే ఒక గంట పోయినట్టే. రాత్రి మూసేస్తారు. పడవ పన్నెండున్నరకైతే పదిన్నర తెరుపు పట్టుకోవాలని లెక్క వేసుకోండి, పదకొండున్నరది పట్టుకుంటే గుండె దడే.

సీవార్డ్‌కు రైలు కూడా ఉంది. నాలుగు గంటలకు పైగా పడుతుంది. దారి ఎంత బాగుంటుందంటే మా ఆవిడకు గ్లేసియర్ కంటే అదే నచ్చింది. రైలులో వెళ్తే దాని వేళకు కుదిరే బోటు ఉందో లేదో ముందే చూసుకోండి.

8. మంచుగోడ ముందు

నీళ్లలో మంచుముక్కలు మొదలయ్యాయంటే దగ్గరపడినట్టు. వాటి మీద సీల్‌లు పడుకుని ఉంటాయి, జూన్‌లో పిల్లలతో సహా. వాటిని పిలవడం, ఈల వేయడం చేయకండి. భయపడి నీళ్లలోకి దూకితే పిల్ల తల్లి నుంచి విడిపోతుంది, చట్టం కూడా ఒప్పుకోదు.

కెప్టెన్ ఇంజను తగ్గించి బోటును నిలుపుతాడు. ఇక్కడ అందరూ చేసే మొదటి పని ఒకే రేలింగ్ మీద పడడం. అవసరం లేదు. బోటును మెల్లగా గుండ్రంగా తిప్పుతారు, రెండు వైపుల వాళ్లకూ గోడ ఎదురుగా వస్తుంది. మనవడి చేయి పట్టుకుని ఒక చోట కుదురుగా నిలబడండి. మీ రెండో చేయి రేలింగ్ మీద ఉండాలి.

రెండో తప్పు, శబ్దం కోసం ఎదురుచూడడం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది, మీరు గోడకు అర కిలోమీటరు దూరంలోనో ఇంకా వెనకనో ఉంటారు. ఉరుము విని తల తిప్పేసరికి ముక్క నీళ్లలో ఉంటుంది. చెవులు వదిలి కళ్లు వాడండి. గోడ మీద ఒకే చోట చిన్న చిన్న పలుకులు వరుసగా రాలుతుంటే అక్కడే చూపు నిలపండి, పెద్దది వచ్చేది తరచూ అక్కడి నుంచే.

మూడోది, "ఇంకొంచెం దగ్గరికి వెళ్లమనండి" అని సిబ్బందిని వేధించడం. మంచుగోడ పక్కన చెట్టూ ఇల్లూ ఉండవు, కాబట్టి కంటికి కొలత దొరకదు. గండికోటలో లోయ అవతలి అంచు రాయి విసిరితే తగిలేటంత దగ్గరగా అనిపిస్తుందే, అలాగే. దూరంగా ఇంకో బోటు గోడ ముందుకు వచ్చినప్పుడు చూడండి, అది బొమ్మ పడవలా ఉంటుంది. అప్పుడు అర్థమవుతుంది. పెద్ద ముక్క పడితే అల బోటు దాకా వస్తుంది, కెప్టెన్ ముక్కు దానివైపు తిప్పుతాడు. అప్పుడు మెట్ల మీద ఉండకండి.

వీడియో తీసేవాళ్లు ఫోనును నిలకడగా పట్టుకుని ఆపకుండా రెండేసి నిమిషాలు తీయండి. విరిగాక నొక్కితే అలలే వస్తాయి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి వాడనప్పుడు ఫోను లోపలి జేబులో, ఒంటి వేడికి ఉంచండి. పది నిమిషాలు తీశాక జేబులో పెట్టేయండి. అందరూ నోరు మూసుకుంటే నీళ్లలోని ముక్కలు చిటపటలాడడం వినిపిస్తుంది, పోపులో ఆవాలు వేసినట్టు. ఎప్పుడో మంచులో చిక్కుకున్న గాలి బుడగలు పగిలే శబ్దం అది. కొన్ని బోట్లలో ఒక ముక్కను వలతో పైకి తీసి చేతికి ఇస్తారు.

ఏదీ విరగకపోవచ్చు కూడా. మా రెండో ప్రయాణంలో అరగంటలో పెద్దది ఒకటి, చిన్నవి నాలుగు పడ్డాయి. మా వెనక రోజు వెళ్లినవాళ్లకు ఒక్కటీ పడలేదు. దానికి ఎవరినీ తిట్టలేం.

9. సరిగ్గా చూశారా లేదా

ఇంటికి వచ్చాక వీడియో పెట్టి చూసుకోండి. గోడ అడుగు నేరుగా ఉప్పునీటిలో ఉందా, లేక మధ్యలో రాళ్ల గట్టు కనిపిస్తోందా? గట్టు ఉంటే అది నేల మీద ఆగిన రకం. నీళ్లలో తేలే ముక్కలు ఉన్నాయా? బోటు కనీసం పావుగంట నిలిచిందా? మూడింటికీ సరిపోతే మీ డబ్బు సరైన చోటికే వెళ్లింది.

దూరం కూడా కొలవవచ్చు. వీడియోలో ముక్క నీటిని తాకిన క్షణం నుంచి ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి 340తో గుణించండి. మాది రెండు సెకన్లు వచ్చింది, అంటే దాదాపు 700 మీటర్లు. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. చేయి చాపి ఉంటే అందేదంటుంది.